ముందు రెండక్షరాలు, వెనుక రెండక్షరాలు

మా ప్రాంతంలో కలెక్టరు అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి, జిల్లా పరిపాలన చూసే అధికారి. రెండవది, వేసవి వచ్చిందంటే విస్సన్నపేట, నూజివీడు, తిరువూరు తోటల నుంచి లారీలకెక్కే ముక్కు వంకర మామిడికాయ. బయటి ప్రాంతాలవారు తోతాపురి అని పిలిచే ఈ రకాన్ని ఇక్కడి రైతు కలెక్టరు కాయ అనే అంటాడు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకీ, నూజివీడు ఏలూరు జిల్లాలోకీ వెళ్లాయి. అధికారి కలెక్టర్లు ఇద్దరయ్యారు గానీ కాయ కలెక్టరు మాత్రం ఒక్కటిగానే మిగిలింది.

ఆ మాటను ఆంగ్ల లిపిలో పలకపై వ్రాసి, చివరి రెండక్షరాలను చెరిపివేయమని పిల్లలకు చెప్పి చూడండి. ‘కలెక్ట్’ మిగులుతుంది. అంటే పోగుచేయు, వసూలుచేయు. చెరిపిన ‘ఆర్’ అనే చిన్న ముక్కకు ‘ఆ పని చేసేవాడు’ అని అర్థం. 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాలులో కలెక్టర్లను నియమించినప్పుడు వారి ముఖ్యమైన పని శిస్తు వసూలు. పేరు ఆ పని నుంచే పుట్టింది. ఇప్పుడు అదే ‘కలెక్ట్’కు మరో తోక తగిలిస్తే ‘కలెక్షన్’ అవుతుంది. ఇది పని చేసేవాడు కాదు, పనికే పేరు. ‘కలెక్టివ్’ అంటే ఉమ్మడియైన, ఇది విశేషణం. దానికి ‘లీ’ చేర్చితే ‘కలెక్టివ్‌లీ’, ఉమ్మడిగా అని క్రియావిశేషణం. తోకను వదలి తలవైపు ‘రె’ అనే ముక్కను పెట్టితే ‘రెకలెక్ట్’, అనగా జ్ఞాపకం చేసుకొను. చెదరిపోయినవాటిని మనసులో మళ్లీ పోగుచేయడమే గదా జ్ఞాపకం!

ఒక్క మాట తెలిసిన పిల్లవాడికి ఇలా ఆరు మాటలు చేతికి వచ్చాయి. బట్టీ పట్టవలసిన అవసరం ఒక్కదానికే కలిగింది.

మాట ముందు చేరే ముక్కను తెలుగులో ఉపసర్గ అనీ, వెనుక చేరేదానిని ప్రత్యయం అనీ అంటున్నాము. ఉర్దూ వ్యాకరణంలో ఇవే సాబిఖా, లాహిఖా. ఆంగ్లంలో సామాన్యంగా ముందు చేరేది అర్థాన్ని మారుస్తుంది, వెనుక చేరేది మాట యొక్క జాతిని మారుస్తుంది. ‘హ్యాపీ’ విశేషణం, ‘అన్‌హ్యాపీ’ కూడా విశేషణమే, సంతోషం మాత్రం దుఃఖమైంది. ‘హ్యాపీనెస్’ వద్ద అర్థం మారలేదు, విశేషణం నామవాచకమైంది. ఈ సూత్రం చాలావరకు నిలుస్తుంది, అన్నిచోట్లా కాదు. ‘రిచ్’ ముందు ‘ఎన్’ చేరితే ‘ఎన్‌రిచ్’, సంపన్నం చేయు. తల చేరినా జాతి మారి విశేషణం క్రియ అయింది. ‘ఫ్రెండ్’ వెనుక ‘షిప్’ చేరినా అది నామవాచకంగానే ఉంటుంది. ‘లీ’ కనబడితే క్రియావిశేషణమని పుస్తకాలు చెబుతాయి గానీ ‘ఫ్రెండ్లీ’ విశేషణం. కనుక సూత్రాన్ని ఊతకర్రగా పట్టుకోవాలి, సంకెలగా కాదు.

ఈ సంగతి మన గృహాలకు ఎందుకు ముఖ్యమో కొంత చెప్పాలి. మన ఇండ్లలో అనేకచోట్ల ఆంగ్లంలో వచ్చిన కాగితాన్ని చదివేది తండ్రి కాదు, తొమ్మిదో తరగతి చదివే కుమార్తె. బ్యాంకు నోటీసు, ఆసుపత్రి రిపోర్టు, గల్ఫ్ నుంచి వచ్చిన పని ఒప్పందం, భూమి దస్తావేజు అన్నీ ఆ బిడ్డ ముందుకే వస్తాయి. ఆ అమ్మాయి చదువులోనేమో మాటలు జాబితాలుగా వచ్చాయి. ఈ వారం ఇరవై, పై వారం ఇరవై. పరీక్ష అయ్యేసరికి సగం పోతాయి. నూజివీడులో 2008లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి మార్కులను బట్టి చేరే గ్రామీణ విద్యార్థులకు లెక్కలు వచ్చు, విజ్ఞానశాస్త్రం వచ్చు. అక్కడి పాఠ్యపుస్తకాలలోని పొడుగాటి మాటలు చూసి మాత్రం బెదురుతారు. ఆ పొడుగు మాటలలో చాలావరకు చిన్న ముక్కలను గుచ్చిన దండలేనని ఎవరైనా ముందే చూపించి ఉంటే ఆ బెదురు సగం తగ్గేది.

నిజానికి ఈ విద్య మనకు కొత్తది కాదు. ఇక్కడి చిన్న రసాలను, పెద్ద రసాలను తినని పిల్లవాడుండడు. ‘రసం’ ముందు ‘స’ పెట్టితే సరసం, ‘వి’ పెట్టితే విరసం, ‘నిస్’ పెట్టితే నీరసం. రసం ఇంకిపోయినదే నీరసం. హారం అనే ముక్క ముందు ఒక్కొక్క ఉపసర్గ చేరుతూ ఆహారం, విహారం, పరిహారం, చివరకు సంహారం కూడా అవుతుంది. ఆంగ్లంలో ‘పోర్ట్’ అనే ముక్కది ఇదే కథ. లాటిన్‌లో దానికి మోయు, తీసుకుపోవు అని అర్థం. ‘ఎక్స్’ అంటే వెలుపలికి, కనుక ఎక్స్‌పోర్ట్. లోనికి తెస్తే ఇంపోర్ట్. ఆవలికి చేరవేస్తే ట్రాన్స్‌పోర్ట్. దేశం నుంచి పంపివేస్తే డిపోర్ట్. మామిడి లారీ వెంట తిరిగే మాటలు మూడు, గల్ఫ్ వెళ్లినవారి కుటుంబాలు భయపడే మాట ఒకటి, అన్నీ ఒకే కడుపున పుట్టినవే.

ఇక పారసీకం నుంచి వచ్చిన ముక్కలను తెలుగువారు ఎంతగా సొంతం చేసుకున్నారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ‘బే’ అంటే లేని: బేఖాతరు, బేవారసు, బేషరతు. ‘గైరు’ అంటే కాని: గైరుహాజరు. (ఇది మూలంలో అరబీ మాట.) ‘నామా’ అంటే పత్రం: రాజీనామా, వీలునామా, పంచనామా. వీలునామాలోని ‘వీలు’ ఆంగ్లపు ‘విల్’ అని గుర్తిస్తే పిల్లలు నవ్వుతారు. తెలుగులో కలిసిన ఇటువంటి అన్యదేశ్య పదాలకు సి.పి. బ్రౌన్ ప్రత్యేకంగా ఒక నిఘంటువునే కూర్చి 1854లో వెలువరించారు. ఆయన కాలం తరువాత కూడా ఈ ముక్కలు పనిచేయడం మానలేదు. ‘దారు’ అంటే కలిగినవాడు. జమీందారు, తహసీల్దారు పాతవి. లబ్ధిదారు, చెల్లింపుదారు, పెట్టుబడిదారు ఆధునికమైనవి. చెల్లింపు అచ్చతెలుగు మాట, దారు పారసీకం. రెండింటి పెండ్లిని ఎవరూ ఆక్షేపించలేదు.

విద్యుత్తు బిల్లు పైన ఉండే ‘వినియోగదారుడు’ అనే మాటను ఒకసారి విప్పి చూద్దాము. వి, ని అనే రెండు ఉపసర్గలు, యోగం అనే సంస్కృత శబ్దం, దారు పారసీకం, చివరి డు తెలుగు. ఐదు ముక్కలు, మూడు భాషలు, ఒక్క మాట. దీనికి ఆంగ్లంలో వాడే ‘కన్‌స్యూమర్’ను విప్పితే అక్కడా కన్, స్యూమ్, అర్ అనే మూడు ముక్కలు దొరుకుతాయి. ‘స్యూమ్’ అంటే తీసుకొను. అదే ముక్క అస్యూమ్, ప్రిజ్యూమ్, రెజ్యూమ్ అనే మాటలలోనూ దాగి ఉంది. వినియోగదారుడు అనే మాటకు జడవని తెలుగు బిడ్డ కన్‌స్యూమర్‌కు జడవవలసిన పని లేదు.

మదర్సాలో సర్ఫ్ చదివినవారికి మరొక సౌకర్యం ఉంది. కాఫ్, తా, బా అనే మూడక్షరాల ధాతువు నుంచి కాతిబ్, మక్తూబ్, కితాబ్, మక్తబ్ పుడతాయని వారు మొదటి ఏటనే నేర్చుకుంటారు. అరబీ భాష మాటను లోపలి నుంచి మలుస్తుంది. అచ్చులు మారుతాయి, హల్లులు నిలుస్తాయి. ఆంగ్లం ఎక్కువగా మాటను కదిలించకుండా ఇరువైపులా గదులు కట్టుకుంటూ పోతుంది. (‘సింగ్’ నుంచి ‘సాంగ్’ వచ్చినట్లు లోపల మారే మాటలు అక్కడా ఉన్నాయి, తక్కువ.) పద్ధతి వేరైనా చేసే పని ఒకటే. జాలిమ్ ఎవరు, మజ్లూమ్ ఎవరు అని తెలిసినవాడికి ఆంగ్లంలోని ‘అర్’, ‘ఈ’ అనే తోకల భేదం ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఎంప్లాయర్ పని ఇచ్చేవాడు, ఎంప్లాయీ పనిలో ఉన్నవాడు. ట్రైనర్ నేర్పేవాడు, ట్రైనీ నేర్పించుకునేవాడు. బ్యాంకు ఫారంలోని నామినీ అంటే మనం పేర్కొనగా పేర్కొనబడిన వ్యక్తి.

ఈ ‘ఈ’ అనే తోక ఫ్రెంచి నుంచి న్యాయస్థానాల ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. అందుకే దస్తావేజులలో అది ఎక్కువ. మామిడి తోటను గుత్తకిచ్చే ఆసామి లెస్సర్, గుత్తకు తీసుకునే వ్యాపారి లెస్సీ. ఫిఖ్హ్ చదివినవారి భాషలో మూజిర్, ముస్తాజిర్. (కాయ పక్వానికి రాకముందే పంటను అమ్మడం గురించి మన ఫిఖ్హ్ చెప్పేది వేరొక వ్యాసానికి తగిన విషయం; ఇక్కడ మాట వరకే చూస్తున్నాము.) దానపత్రంలో ఇచ్చేవాడు డోనర్, పుచ్చుకునేవాడు డోనీ. ఒప్పందంలో నీరు పెట్టించే బాధ్యత లెస్సీది అని ఉంటే అది వ్యాపారి మీద పడుతుంది. లెస్సర్‌ది అని ఉంటే తోట యజమాని మీద. చివరి ఒక్క ముక్కలో ఎండాకాలమంతటి ఖర్చు ఎవరిదో తేలిపోతుంది.

‘ఈ’ కనబడగానే బలహీనుడు అని అనుకోవడం మాత్రం పొరపాటు. తాకట్టు పత్రంలో మార్ట్‌గేజీ అంటే అప్పు తీసుకున్న రైతు కాదు, తాకట్టును పొందిన బ్యాంకు. రైతు మార్ట్‌గేజర్, తాకట్టు పెట్టడం అనే పని చేసినవాడు అతడే గదా. ఆబ్సెంటీ, రెఫ్యూజీ వంటి మాటలలో ఈ తోక ఉన్నవాడే పని చేసినవాడు కూడా. భాషలో నియమం ఉన్నచోటే దానిని దాటిన మాటలూ ఉంటాయి.

తజ్వీద్ నేర్చిన పిల్లలకు మేము ప్రత్యేకంగా చూపించే మాటలు కొన్ని ఉన్నాయి. ‘ఇన్’ అనే ముక్క కాదు, లేదు అని చెబుతుంది: ఇన్‌కరెక్ట్, ఇన్‌కంప్లీట్. మరి ఇన్‌పాసిబుల్ అనక ఇంపాసిబుల్ అని ఎందుకంటున్నారు? ఇన్‌లీగల్ కాక ఇల్లీగల్, ఇన్‌రెగ్యులర్ కాక ఇర్రెగ్యులర్ ఎందుకైంది? నూన్ సాకిన్ తరువాత బా వస్తే నూన్ మీమ్‌గా పలుకుతుందనీ, లామ్ గానీ రా గానీ వస్తే వాటిలో లీనమైపోతుందనీ ప్రతి సాయంత్రం ఆ పిల్లలు వల్లె వేస్తున్నారు. ఇఖ్లాబ్, ఇద్గామ్ అనే పేర్లు వారికి కంఠస్థం. ‘మిన్’ తరువాత ‘రబ్బ్’ వస్తే ‘మిర్రబ్బ్’ అని పలికే నాలుకే ‘ఇన్’ తరువాత ‘రెగ్యులర్’ వస్తే ‘ఇర్రెగ్యులర్’ అంటుంది. పెదవులు కలిపి పలికే అక్షరం ముందు నకారం మకారమవుతుంది. అందుకే ఇంపాసిబుల్, ఇంబాలెన్స్. తెలుగు బడిలో ‘ఉత్’ అనే ఉపసర్గ ‘లాసం’తో కలిసి ఉల్లాసమైందని నేర్పినదీ ఈ సంగతే. మానవుని నోరు ఒక్కటే. అది అరబీకి ఒకలా, లాటిన్‌కు ఒకలా నిర్మాణమై లేదు. ఈ సంబంధం చెప్పిన రోజున వెనుక బెంచీ పిల్లలు కూడా తలలెత్తుతారు.

అయితే అదే ‘ఇన్’ కొన్నిచోట్ల లేదు అని కాక లోపలికి అని చెబుతుంది. ట్యాంకరు లారీల వెనుక ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని కనబడేది. ‘ఇన్’ను కాదు అని భావించినవాడు ఇది అంటుకోని సరుకు అనుకుంటాడు. వాస్తవానికి అది తేలికగా అంటుకునేది. లాటిన్‌లో మంటలోనికి అనే భావం నుంచి వచ్చిన మాట. ఈ అపోహ ప్రాణాల మీదికి తెస్తుందని భావించి గత శతాబ్దంలో అమెరికాలో అగ్నిప్రమాద నివారణకు పాటుపడినవారు ‘ఇన్’ను తొలగించి ‘ఫ్లేమబుల్’ అనే వ్రాయాలని ప్రచారం చేశారు. ఇప్పుడు లారీలపై ఎక్కువగా కనబడేది అదే. రెండింటికీ అర్థం ఒకటే. ఇటువంటిదే ‘ఇన్‌వాల్యుబుల్’: విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. ‘అన్’ అనే ముక్కకూ రెండు ముఖాలున్నాయి. విశేషణం ముందు అది కాదు అంటుంది. క్రియ ముందు చేసిన పనిని తిరగదోడుతుంది. ‘అన్‌టై’ అంటే కట్టకుండుట కాదు, కట్టినదానిని విప్పుట.

దస్తావేజుల మాట వచ్చింది గనుక ఒక్క మాటను మరికొంత వివరంగా చూడాలి. భూమి వ్యవహారాలలో ‘ఇర్రెవొకబుల్ పవర్ ఆఫ్ అటార్నీ’ అనే పత్రంపై పెద్దవారి చేత సంతకాలు చేయించడం మన ప్రాంతాలలో ఉన్నదే. ‘వొక్’ అంటే పిలుపు, ‘రె’ వెనుకకు, ‘రెవోక్’ అంటే వెనుకకు పిలుచుట, అంటే ఇచ్చిన అధికారాన్ని రద్దు చేయుట. ‘అబుల్’ అంటే వీలైన. తలలో ‘ఇర్’ అంటే కాని. నాలుగు ముక్కలు కలిపితే, ఇచ్చిన తరువాత వెనుకకు తీసుకొన వీలు కానిది. చదివి వినిపించేవారు తొందరలో ఆ ‘ఇర్’ను మింగివేస్తే, లేక విన్నవారు దానిని పట్టించుకోకుంటే, నచ్చకుంటే రేపు రద్దు చేసుకోవచ్చుననే భరోసాతో తాతగారు సంతకం పెడతారు. అటువంటి కాగితాన్ని వకీలుకు చూపించక సంతకం పెట్టడం ఎటూ తగదు. కానీ వకీలు వద్దకు వెళ్లాలని తోచడానికైనా ఇంట్లో ఒకరికి ఆ రెండక్షరాలు కనబడాలి. గల్ఫ్ ఏజెంట్లు చేతికిచ్చే కాగితాలలో నాన్‌రిఫండబుల్, నాన్‌ట్రాన్స్‌ఫరబుల్, రెన్యూవబుల్ అనే మాటలను కూడా ఇలాగే విప్పుకోవచ్చు. మొదటిది తిరిగి ఇవ్వబడని సొమ్ము, రెండవది మరొకరికి మార్చ వీలు కానిది, మూడవది గడువు తీరాక మళ్లీ కొత్త చేసుకోదగినది.

ఆసుపత్రి మాటలలో ‘హైపర్’, ‘హైపో’ అనే రెండింటిని ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలని మా అభిప్రాయం. రెండూ గ్రీకు ముక్కలు. వినడానికి కవలల్లా ఉంటాయి, అర్థాలు ఉత్తర దక్షిణాలు. హైపర్ అంటే మితిమీరినది, హైపో అంటే తక్కువైనది. హైపర్‌గ్లైసీమియా రక్తంలో చక్కెర పెరిగిన స్థితి; హైపోగ్లైసీమియా చక్కెర పడిపోయిన స్థితి. చక్కెర పడిపోయి చెమటలు పట్టి వణుకుతున్నవారికి, స్పృహ ఉంటే, వెంటనే తీపి ఇవ్వమని వైద్యులు చెబుతారు. పెరిగినవారికి అదే తీపి హాని. రమజాన్‌లో ఉపవాసముండే మధుమేహ రోగులున్న ఇంట్లో ఈ భేదం పిల్లలకు కూడా తెలియాలి. థైరాయిడ్ రిపోర్టులోనూ ఇవే రెండు ముక్కలు వస్తాయి, మందులు వేరువేరు. వెనుక చేరే ముక్కలలో ‘ఐటిస్’ అంటే వాపు, ‘ఎక్టమీ’ అంటే కోసి తీసివేయుట, ‘ఈమియా’ అంటే రక్తానికి సంబంధించిన స్థితి. అపెండిసైటిస్ జబ్బు, అపెండెక్టమీ దానికి చేసే శస్త్రచికిత్స.

ఇంత చెప్పిన తరువాత పిల్లలు అత్యుత్సాహంతో ప్రతి మాటనూ కోయడం మొదలుపెడతారు. ‘అంకుల్’లో అన్ ఉందా అని ఒకడడుగుతాడు. లేదు. ‘వాటర్’లో చేసేవాడు లేడు, ‘రెడ్’లో మళ్లీ లేదు. అన్యాయంలోని అకారం కాదు అంటుంది, అమ్మలోని అకారం అలా అనదు. బేఖాతరులో బే ఉంది, బేరంలో లేదు. ముక్కను తీసివేసిన తరువాత మిగిలినదానికి అర్థముండి, మొత్తం మాటతో దానికి పొంతన కుదిరితేనే అది ఉపసర్గ. పోర్ట్, స్యూమ్ వంటి లాటిన్ ముక్కలు ఒంటరిగా ఆంగ్లంలో ఆ అర్థం ఇవ్వకపోయినా, వాటి తోబుట్టువులను నాలుగింటిని ప్రక్కన పెట్టి చూస్తే పోలిక బయటపడుతుంది.

‘అల్’ సంగతి మరీ సరదాగా ఉంటుంది. ఆల్‌జీబ్రాలో ఉన్నది మన అరబీ ‘అల్’. తొమ్మిదవ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథం పేరులోని అల్ జబ్ర్ యూరప్‌కు వెళ్లి అలా స్థిరపడింది. ఆల్కహాల్, ఆల్కలీ కూడా ఆ ‘అల్’తోనే వెళ్లాయి. ఆల్‌వేస్, ఆల్సో మాటలలో ఉన్నది మాత్రం ఆంగ్లపు ‘ఆల్’, అంటే అంతా. అడ్మిరల్‌లో అయితే అమీర్ అల్ అనే పలుకుబడి నుంచి ‘అల్’ తోకగా మిగిలిపోయిందని భాషావేత్తలు చెబుతారు. తల తోకగా మారిన మాట అది.

తోక మారితే ఉచ్చారణ కూడా కొన్నిచోట్ల మారుతుందని పెద్దలు గమనించాలి. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి అక్షరంపై ఊనిక. ఫొటాగ్రఫర్ అన్నప్పుడు రెండవదానిపై. ఫోటోగ్రాఫిక్ అన్నప్పుడు మూడవదానిపై. పిల్లవాడు పలికింది తప్పని మందలించేముందు తోకను చూడాలి.

ఇంట్లో చేయదగిన అభ్యాసం ఒకటి చెప్పి ముగిస్తాము. ‘యాక్ట్’ అనే మాటను మధ్యలో వ్రాసి, చుట్టూ దాని కుటుంబాన్ని వ్రాయమనండి. యాక్టర్, యాక్షన్, యాక్టివ్, ఇన్‌యాక్టివ్, యాక్టివిటీ, రియాక్ట్, రియాక్షన్, ఇంటరాక్షన్ వరకు సులభంగా వెళతారు. ప్రతి మాట ప్రక్కన అది నామవాచకమో, క్రియయో, విశేషణమో కూడా వ్రాయించండి. పన్నెండు దాటితే ఎవరో ఒకరు ‘ఫ్యాక్టరీ’ అని కేక వేస్తారు. అక్షరాలు చూస్తే అందులో యాక్ట్ కనబడుతుంది గానీ, అది ‘చేయు’ అనే వేరొక లాటిన్ ధాతువు బిడ్డ. మాన్యుఫ్యాక్చర్ దాని తోబుట్టువు. ఆ మాటకు పలకపై వేరే చోట మరో కుటుంబాన్ని మొదలుపెట్టించండి.